ఫిఫ్టీనా, ఫిఫ్టీయా?

ప్రశ్న: నమస్తే సార్. మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. నాన్న పత్తి రైతు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు పత్తిలో గులాబీ రంగు పురుగు మీద పీహెచ్‌డీ మూడో సంవత్సరం. సెప్టెంబరులో జర్మనీలో జరిగే ఒక సదస్సులో మాట్లాడే అవకాశం వచ్చింది. ప్రసంగానికి పన్నెండు నిమిషాలు, ప్రశ్నలకు మూడు నిమిషాలు. ఇంగ్లిష్‌లో పేపర్లు రాయగలను. మాట్లాడాలంటే మాత్రం ముందు తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటాను. పోయిన నెల డిపార్ట్‌మెంట్ సెమినార్లో మధ్యలో మాట ఆగిపోయింది, వెనక కూర్చున్న జూనియర్లు నవ్వారు. మా గైడ్ మొత్తం బట్టీ పట్టెయ్యమంటున్నారు. రూమ్మేట్ వీడియోలు చూసి వాళ్ల యాస నేర్చుకోమంటోంది. అడిగిన ప్రశ్న నాకు అర్థం కాకపోతే ఏం చేయాలన్నది అన్నిటికన్నా పెద్ద టెన్షన్. ప్రసంగం బదులు, గోడకు తగిలించి చూపించే పోస్టర్‌కి మార్చమని అడిగేయమంటారా?

సమాధానం:

అమ్మా, పోస్టర్‌కి మార్చమని అడగకండి. మిగతావి ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏ మీడియంలో చదివారో రాశారు, ఎవరు నవ్వారో రాశారు, ఎవరెవరు ఏ సలహా ఇచ్చారో కూడా రాశారు. మీ పరిశోధనలో ఏం తేలిందో మాత్రం ఎక్కడా రాయలేదు! భయపడేవాళ్లందరం ఇంతే. ఇంగ్లిష్ గురించి ఆలోచించీ ఆలోచించీ, అసలు చెప్పబోయే సంగతిని ఇంటి దగ్గర మర్చిపోయి బయల్దేరతాం. ముందు ఆ సంగతిని ఒక్క వాక్యంలో తెలుగులో రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్ వద్దు. మీ నాన్నగారికి ఫోన్ చేసి ‘నాన్నా, మూడేళ్లలో నేను కనిపెట్టింది ఇదీ’ అని చెప్పండి. ‘అయితే ఏంటమ్మా?’ అని ఆయన అడిగితే, దానికీ జవాబు చెప్పండి. ఆ రెండు వాక్యాలే మీ ప్రసంగం. పన్నెండు నిమిషాల్లో మిగతాదంతా వాటికి సాక్ష్యం.

ఇక నా కథ. నా మొదటి విదేశీ ప్రసంగం బ్యాంకాక్‌లో. పారదర్శకంగా ఉండే షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకుని, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ఒక్కొక్కటే పెట్టి చూపించే కాలం. నా విషయం వేరుశనగలో ఆకుముడత పురుగు. దానివల్ల దిగుబడి పదిహేను శాతం పడిపోయిందని నా లెక్క. ‘ఫిఫ్టీన్ పర్సెంట్’ అన్నాను. షీట్ మీద ఆ అంకె రాయలేదు, నోటితో చెప్తున్నాను కదా అని. ముందు వరసలో ఒక ఆస్ట్రేలియా ఆయన కనుబొమలు ఎగరేసి ‘ఫిఫ్టీ?’ అన్నాడు. నా చెవికి అది ‘ఫిఫ్టీన్’ లాగే వినపడింది. అవునన్నట్టు తల ఊపాను. ఆయన రాసుకున్నాడు. ఆయన పక్కనాయన కూడా రాసుకున్నాడు. సెషన్ చివర్లో చైర్మన్ రెండు ముక్కలు మాట్లాడుతూ, ఇండియాలో ఈ పురుగు సగం పంటను తినేస్తోందట అన్నాడు. లేచి ‘కాదండీ’ అనే ధైర్యం లేక అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు నేను మాట్లాడిన ఇంగ్లిష్‌లో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ముందురోజు రాత్రంతా మేలుకుని దిద్దుకున్నాను మరి.

అక్కడ జరిగిందేమిటంటే, ఇంగ్లిష్ వాళ్లు ‘ఫిఫ్టీన్’ అన్నప్పుడు బరువు చివరి భాగం మీద వేసి దాన్ని సాగదీస్తారు. ‘ఫిఫ్టీ’ అన్నప్పుడు మొదటి భాగాన్ని నొక్కి, చివర తేల్చేస్తారు. మనకి తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమానంగా బరువు వేసే అలవాటు. దానికి తోడు కంగారులో చివరి నకారం మింగేస్తాం. పదమూడు ముప్పై అయిపోతుంది, పద్దెనిమిది ఎనభై అయిపోతుంది. దీనికి మందు తేలిక: ముఖ్యమైన ప్రతి అంకె స్లైడ్ మీద పెద్దగా ఉండాలి, చెప్పేటప్పుడు వేలు దాని మీదకు వెళ్లాలి. అనుమానంగా ఉంటే ‘వన్ ఫైవ్, ఫిఫ్టీన్’ అనండి. ఎవరూ నవ్వరు. దశాంశాలు కూడా అంతే. 0.25ని ‘పాయింట్ ట్వెంటీఫైవ్’ అనడం మనకి అలవాటు. అక్కడ ‘పాయింట్ టూ ఫైవ్’ అంటేనే ఠక్కున అందుతుంది.

అంకెల దగ్గరే ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే మీ విషయంలో అసలు గోతులన్నీ ఇక్కడే ఉన్నాయి. లక్షలు, కోట్లు మన దేశం, మన ఇరుగుపొరుగు దాటితే ఎవరికీ తెలియవు. 18 లక్షల హెక్టార్లని 1.8 మిలియన్ అని మార్చుకుని వెళ్లండి, వేదిక మీద మనసులో లెక్క కట్టకండి. ఎకరాకు 8 క్వింటాళ్లు అంటే మీ నాన్నగారికి పంట మొత్తం కళ్లకు కడుతుంది. జర్మనీ హాల్లో అది చెవిటివాడి ముందు శంఖం. హెక్టారుకు దాదాపు 2 టన్నులు అని చెప్పండి. అప్పుడు ఇంకో గొయ్యి వస్తుంది. మన రైతు చెప్పేది గింజతో కలిసిన పత్తి లెక్క, చాలా దేశాలవాళ్లు పత్తి దిగుబడి అంటే గింజ తీసేసిన దూదినే లెక్కపెడతారు. దూది అందులో సుమారు మూడో వంతు. మీరు రెండు టన్నులంటే ఎదుటివాడు ‘అబ్బో, అంత దిగుబడా!’ అనుకుంటాడు, ఆ తర్వాత మీరు చెప్పే నష్టం లెక్కలేవీ నమ్మడు. ‘సీడ్ కాటన్’ అనే రెండు మాటలు చేరిస్తే గొడవ ఉండదు. ఖరీఫ్ అన్న మాట కూడా అంతే, జూన్‌లో విత్తుతామని చెప్పేయండి.

ఒక మాట రెండు అర్థాల్లో తిరిగితే మరీ ప్రమాదం. మీ ప్రసంగంలో ‘కంట్రోల్’ అంటే పురుగు నివారణా, మందు కొట్టకుండా వదిలేసిన మడా? ఒకే నిమిషంలో రెండూ వాడతాం మనం. మందు కొట్టని మడిని ‘అన్‌ట్రీటెడ్ ప్లాట్’ అనండి, కంట్రోల్‌ని నివారణకే వదిలేయండి.

యాస గురించి మీ రూమ్మేట్ చెప్పింది మర్చిపోండి. అరువు తెచ్చుకున్న యాస మూడో నిమిషంలో జారిపోతుంది, అప్పుడు వినేవాడికి రెండు యాసలు అర్థం చేసుకోవాల్సిన పని పడుతుంది. తెలుగు వాసన ఉండనివ్వండి. కానీ ఒక ఇరవై పాతిక మాటలున్నాయి, వాటి సంగతి మాత్రం తేల్చుకోవాలి. మీరు పదేపదే పలకక తప్పనివి. ‘మాత్స్’ అని మనం రెక్కల పురుగుల్ని అంటాం, వినేవాడికి లెక్కలు వినిపిస్తాయి, లేదా ‘మంత్స్’ అని నెలలు వినిపిస్తాయి. ఆ పురుగుల్ని పట్టే బుట్టకు రాత్రికి ఎనిమిది నెలలు పడ్డాయంటే ఏం అర్థం చేసుకుంటాడు పాపం! రెసిస్టెన్స్‌లో బరువు ‘జిస్’ మీద. అనాలిసిస్‌లో ‘నా’ మీద. గుడ్డిపూవుని ఇంగ్లిష్‌లో అనే రోజెట్‌లో చివర. డిటర్మిన్‌ని మనలో సగం మంది ‘డిటర్మైన్’ అంటాం. ఆన్‌లైన్ నిఘంటువుల్లో స్పీకర్ బొమ్మ నొక్కితే ప్రతి మాటా పలికి వినిపిస్తుంది. విని, పలికి, ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినండి. రోజుకు పది నిమిషాలు చాలు. మిగతా మాటలు ఎలా పలికినా నడుస్తుంది.

ఇక బట్టీ సంగతి. మీ గైడ్ చెప్పిన దాంట్లో నాలుగోవంతు నిజం ఉంది. చిన్నప్పుడు పదమూడో ఎక్కం మధ్యలో ఆపి ‘పదమూడు ఏళ్లు?’ అని మాస్టారు అడిగితే, మళ్లీ పదమూడు ఒకట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లం కదా. బట్టీ పట్టిన ప్రసంగమూ అంతే, ఒక మాట జారితే గొలుసంతా తెగుతుంది. సెమినార్లో మీకు జరిగింది అదేనేమో ఆలోచించండి. బట్టీ పట్టాల్సినవి మూడే: మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, ప్రతి స్లైడుకూ మొదటి వాక్యం. మాట తప్పిపోతే తర్వాతి స్లైడు నొక్కండి. దాని మొదటి వాక్యం నోట్లో సిద్ధంగా ఉంటుంది కాబట్టి దారి దొరుకుతుంది. ఏం వదిలేశారో హాల్లో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటానన్నారు. నేను ఇప్పటికీ కొంత అలాగే చేస్తాను. బాధ ఎక్కడొస్తుందంటే, మనం ముందు కూర్చుని ప్రసంగం మొత్తం పేపర్ భాషలో రాసేస్తాం. మూడు వరసల వాక్యాలు, అన్నీ కర్మణి ప్రయోగాలు. అది కంటితో చదవడానికి పుట్టిన భాష, నోటికి తిరగదు. వరస మార్చి చూడండి. స్లైడ్లు ముందు పెట్టుకుని, ఏమీ రాయకుండా, తప్పులతోనే ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డు చేయండి. ఆ రికార్డు విని రాసుకోండి. అప్పుడు దిద్దండి. వాక్యాలు చిన్నవిగా, మీ ఊపిరికి సరిపోయేట్టు వస్తాయి. నిమిషానికి 120 మాటలు దాటకుండా చూసుకోండి. అంటే మొత్తం కలిపి 1300 లోపు. అసలే మనం వేగంగా మాట్లాడే జాతి, కంగారు పడితే పాసింజరు కాస్తా ఎక్స్‌ప్రెస్ అయిపోతుంది. పన్నెండు నిమిషాల ప్రసంగం ఇంటి దగ్గర పదిన్నరలో అయిపోవాలి.

మొదలుపెట్టడం ఎలాగో ఒకసారి చూద్దాం. ‘రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్, ఎమినెంట్ సైంటిస్ట్స్ ఆన్ ద డయాస్, అండ్ మై డియర్ ఫ్రెండ్స్, మైసెల్ఫ్ ఫలానా, ఫస్ట్ ఆఫ్ ఆల్ ఐ వుడ్ లైక్ టు థాంక్...’ మన కాలేజీల్లో ఇది మర్యాద, తప్పనను. అక్కడ ఇది పన్నెండులో ఒక నిమిషం. మీ పేరు చైర్మన్ చెప్పేస్తాడు, శీర్షిక తెర మీద ఉంటుంది. ‘గుడ్ మార్నింగ్’ అని, గుడ్డిపూవు ఫొటో ఒకటి తెర మీద పెట్టండి. రేకులు విచ్చుకోకుండా లోపల పురుగు దారాలతో కట్టేసుకున్న పువ్వు. తర్వాత ఈ నాలుగు వాక్యాలు: ‘దిస్ ఫ్లవర్ విల్ నెవర్ ఓపెన్. ద ఇన్సెక్ట్ ఈజ్ ఇన్‌సైడ్. ద ఫార్మర్ కెనాట్ సీ ఇట్. వెన్ హీ సీస్ ఇట్, ఇట్ ఈజ్ టూ లేట్.’ ఇందులో ఏడో తరగతి దాటిన మాట ఒక్కటీ లేదు. హాలంతా తలెత్తి చూస్తుంది.

గ్రాఫు వచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి. మనవాళ్లు గ్రాఫు పెట్టగానే ‘యాజ్ యు కెన్ సీ’ అంటారు. ఏం చూడాలో వాళ్లకేం తెలుసు? అడ్డంగా ఉన్నవి విత్తిన తర్వాత రోజులు, నిలువుగా ఉన్నవి లింగాకర్షక బుట్టలో రాత్రికి పడిన రెక్కల పురుగులు, ఒక్కో చుక్కా ఒక్కో చేను, ఎర్ర గీత హద్దు. వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది పడితే మందు కొట్టాలన్న హద్దు అది. ఇంత చెప్పి రెండు క్షణాలు ఆగండి. ఆ రెండు క్షణాలు మీకు రెండు నిమిషాల్లా అనిపిస్తాయి, వాళ్లకు గ్రాఫు చదవడానికే సరిపోతాయి. గ్రాఫు శీర్షికగా ‘రిజల్ట్స్’ అని పెట్టకుండా, అందులో తేలినదాన్నే పూర్తి వాక్యంగా రాయండి. మీ ఉచ్చారణ అందనివాళ్లు అది చదువుకుంటారు.

అందనివాళ్లు ఎవరని అడగండి. పత్తి సదస్సంటే బ్రెజిల్, చైనా, టర్కీ, ఈజిప్టు, ఉజ్బెకిస్తాన్ వాళ్లు వస్తారు. వాళ్లలో చాలామంది మీలాగే మనసులో మార్చుకుంటూ వినేవాళ్లే. 2023లో ప్లాస్ బయాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిది దేశాల్లో 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తల్ని అడిగితే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు చదవడం, రాయడం, ప్రసంగం సిద్ధం చేసుకోవడం అన్నిటికీ ఎక్కువ సమయం పడుతోందని, భాషకు భయపడి సదస్సులకే వెళ్లనివాళ్లూ ఉన్నారని తేలింది. కాబట్టి మీకు పట్టే అదనపు గంటలు మీ లోపం వల్ల పట్టేవి కావు. ఇంకో సంగతి: 2008లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న జపాన్ శాస్త్రవేత్త తోషిహిదె మసుకావా, ఇంగ్లిష్ రాదని చెప్పి నోబెల్ ఉపన్యాసాన్ని జపనీస్‌లోనే ఇచ్చారు. మీకూ నాకూ అంత వెసులుబాటు ఎవరిస్తారు గానీ, గుర్తు చేసుకుంటే ధైర్యంగా ఉంటుంది. నా అనుభవంలో మన ఇంగ్లిష్‌కి నవ్వేది ఎప్పుడూ మనవాళ్లే. మీ జూనియర్ల వంతు కూడా వస్తుందిలెండి.

ఇప్పుడు మీ అసలు టెన్షన్, ప్రశ్నలు. మూడు నిమిషాలంటే రెండు ప్రశ్నలు, మహా అయితే మూడు. సగం ముందే ఊహించవచ్చు. ఉదాహరణకు, అమెరికా నుంచి వచ్చినవాళ్లకు మీ పురుగు ముగిసిపోయిన కథ. 2018 అక్టోబరులో అక్కడి వ్యవసాయ శాఖ తమ పత్తి పొలాల్లో గులాబీ రంగు పురుగు లేకుండా పోయిందని ప్రకటించింది. పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తి వేయడంతో పాటు, వంధ్యం చేసిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు. కాబట్టి ‘మీరెందుకు ఆ పని చేయలేదు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. రెండోది, ‘రెఫ్యూజ్ వేయలేదా?’ అని, అంటే బీటీ చేను చుట్టూ వేసే బీటీ కాని పత్తి. మన దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు విడిగా ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. ఆ చిన్న ప్యాకెట్ ఏమయ్యేదో రైతు బిడ్డగా మీకు నేను చెప్పాలా? ఆ జవాబు పుస్తకంలో చదివినవాడికన్నా మీ నోట వస్తేనే హాలు వింటుంది. ఇలాంటి ఇరవై ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదానికి మూడు వాక్యాల జవాబు పైకి చెప్పి చూసుకోండి. నాలుగింటికి అదనపు స్లైడ్లు చేసి చివర దాచిపెట్టుకోండి.

ప్రశ్న అర్థం కాలేదనుకోండి. ‘పార్డన్?’ అని ఊరుకోకండి. అతను అదే మాట అంతే వేగంగా మళ్లీ అంటాడు, మీకు మళ్లీ అర్థం కాదు, ఇద్దరికీ ఇబ్బంది. పట్టుకున్న ఒక ముక్కను పట్టుకుని రెండు దారులు చూపించండి: ‘ఆర్ యూ ఆస్కింగ్ అబౌట్ ద ట్రాప్స్, ఆర్ అబౌట్ ద యీల్డ్?’ అతను ఒకటి ఎంచుకుంటాడు, ఈసారి తేలిక మాటల్లో అడుగుతాడు. అదీ కుదరకపోతే చైర్మన్ వైపు చూడండి. సెషన్‌కి పదిహేను నిమిషాల ముందే వెళ్లి ఆయన్ని పలకరించి, మీ పేరు ఎలా పలకాలో చెప్పి, ‘ప్రశ్న అందకపోతే కాస్త సాయం చేయండి’ అని అడిగి పెట్టుకోండి. నేను చైర్మన్‌గా కూర్చున్న చోట అలా అడిగినవాళ్లంటే నాకు ఇష్టం పెరిగిందే తప్ప తగ్గలేదు. జవాబు తెలియకపోతే, అది మేం కొలవలేదు అని ఒక్క ముక్కలో చెప్పేయండి. తెలియనిదాన్ని సాగదీసినప్పుడే ఇంగ్లిష్ చిక్కులు పడుతుంది.

మన తల ఊపుడు మాత్రం మానుకోండి. ప్రశ్న వింటూ ‘ఊఁ, వింటున్నాను’ అన్నట్టు మనం అటూ ఇటూ ఊపుతాం. అడిగేవాడికి అది ‘కాదు, కాదు’ అన్నట్టుంటుంది, మధ్యలో ఆగిపోతాడు. అలాగే మీరు వేరేవాళ్లను ప్రశ్న అడిగేటప్పుడు ‘ఐ హావ్ ఎ డౌట్’ అనకండి. మనకది సందేహం, వాళ్లకది ‘నీ మాట నమ్మను’.

చెవి అలవాటు కావాలంటే, మీ సెషన్‌లో ఉన్నవాళ్ల పేర్లు కార్యక్రమ పట్టికలో చూసి, వాళ్ల పాత ప్రసంగాల వీడియోలు దొరికితే రోజూ కాసేపు వినండి, సబ్‌టైటిల్స్ తీసేసి. మీకు ప్రశ్నలు వేసేది చాలావరకు వాళ్లే.

రిహార్సల్ జూనియర్ల ముందు వద్దులెండి, ఇప్పుడే కాదు. మీ విషయం తెలియని వాళ్ల ముందు చేయండి. పక్క డిపార్ట్‌మెంట్‌లో తమిళులో, బెంగాలీవాళ్లో ఉంటారు, వాళ్లకు మీతో ఇంగ్లిష్ తప్ప గత్యంతరం లేదు. అయిపోయాక ‘బాగుందా?’ అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. ‘నేను చెప్పిన అంకెల్లో ఒకటి గుర్తుందా?’ అని అడగండి. పదిహేను అనాల్సిన చోట యాభై అంటే, ఇంకా నెలలున్నాయి కదా, దిద్దుకోవచ్చు.

తిరిగొచ్చాక ఒక ఉత్తరం రాయండి. వంధ్యం చేసిన పురుగుల సంగతి ఎవరైనా అడిగారా లేదా అన్నది నాకు తెలియాలి, ఇక్కడ ఒక కుర్రాడితో కాఫీ పందెం కాశాను.